పాత లాప్‌టాపు - అందులోని అమానతు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా యీ సభలో చదువు గురించో, కట్నాల గురించో, ఆరోగ్యం గురించో ఎవరో ఒకరు మాట్లాడటం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టారూ, ఆఫీసు లాప్‌టాపు సంగతి అందరికీ అర్థమయ్యేట్టు మీరే చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్ళం. కంప్యూటరు మా చదువు కాదు. అయినా బడిలో మూలనపడ్డ యంత్రాలను బతికించుకుంటూ వచ్చిన అనుభవం కొంత వుంది కాబట్టి, తెలిసిన మేరకు మనవి చేస్తాము. మా తెలుగులో ఉర్దూ దొర్లితే పెద్దలు మన్నించగలరు.

మన ఆఫీసులోని లాప్‌టాపు 2016లో తయారైనది. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసరు, 4 జీబీ ర్యాము, 500 జీబీ హార్డ్ డిస్కు. మొన్నటిదాకా అందులో నడిచింది విండోస్ 10. మీ ఇళ్ళలో వున్నవి కూడా చాలావరకు ఆ వయసువే అయివుంటాయి. 2008లో మన వూళ్ళో ట్రిపుల్ ఐటీ పెట్టి, చేరిన పిల్లల చేతికి లాప్‌టాపు యిచ్చి దానిమీదే పాఠాలు చెప్పటం మొదలైన నాటినుంచి యీ వస్తువు నూజివీడుకు కొత్త కాదు. కొత్త కాదు గనుకనే, ఫ్రిజ్జు లాగా, పనిచేస్తున్నన్నాళ్ళు దాని జోలికి ఎవరమూ పోము.

విండోస్ 10ని మైక్రోసాఫ్ట్ కంపెనీవారు 2015 జూలైలో విడుదల చేశారు. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా పంపే మరమ్మతులు ఆపేశారు. ఆపేశారంటే ఆ మర్నాటి నుంచి లాప్‌టాపు తెరుచుకోదని కాదు. మామిడి పూతమీద తేనెమంచు పురుగుకు మందు కొట్టడం మానేసిన తోట ఆ సాయంత్రమే ఎండిపోదు కదండీ. చెట్టు పచ్చగానే వుంటుంది, చూసినవాళ్ళు తోట బాగుందనే అంటారు. పురుగు వచ్చినప్పుడు మాత్రం అడ్డుకునేది ఏమీ వుండదు. ఈ వ్యవహారమూ అంతే.

పురుగు రాదులే అనుకునేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాము. 2017 మే 12న 'వన్నాక్రై' అనే పాడు ప్రోగ్రాము ఒక్కరోజులో ప్రపంచమంతా పాకింది. కంప్యూటరులోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసి, మూడువందల డాలర్లు కడితేగాని తియ్యమని తెరమీద నోటీసు పెట్టేది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కొన్ని చిక్కాయని అప్పట్లో పత్రికలు రాశాయి. మన నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లాలోనే వుండేది. గమనించవలసింది ఏమంటే, ఆ కంతను మూసే మరమ్మతును కంపెనీ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే పంపింది. వేయించుకోని యంత్రాలే చిక్కాయి. ఇప్పుడు విండోస్ 10 వాడేవారి విషయంలో, వేయించుకుందామన్నా మరమ్మతు రాని రోజు వచ్చిందన్నమాట.

మరి ఏం చేయాలి? కంపెనీ ఒక వెసులుబాటు ప్రకటించింది. ఇళ్ళలో వాడుకునే విండోస్ 10 యంత్రాలకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా మరమ్మతులు మాత్రం పంపుతామని, దానికి అప్‌డేట్ పేజీలో పేరు నమోదు చేసుకోవాలని. ఇది కాలు విరిగినవాడికి ఊతకర్ర వంటిది, నడుస్తూ వేరే దారి వెతుక్కోవటానికి పనికొస్తుంది.

విండోస్ 11కి మారదామంటే అది అన్ని యంత్రాలనూ రానివ్వదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేక ఆపైది కావాలి, అంటే సుమారుగా 2017 ఆఖరు తర్వాత వచ్చినవి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి. 4 జీబీ ర్యాము, 64 జీబీ జాగా వుండాలి. మీ యంత్రం సరిపోతుందో లేదో చెప్పటానికి 'పీసీ హెల్త్ చెక్' అని కంపెనీవారిదే ఒక ఉచిత ప్రోగ్రాము వుంది. సరిపోతే నిక్షేపంగా మారండి, డబ్బు కట్టక్కర్లేదు. సరిపోని యంత్రంలో కూడా దొడ్డిదారిన ఎక్కించవచ్చని కుర్రాళ్ళు చెబుతారు. ఎక్కుతుంది కూడా. కాని అట్లా ఎక్కించినదానికి ముందుముందు మరమ్మతులు వస్తాయన్న హామీ కంపెనీ యివ్వదు. ఆటలాడుకునే యంత్రానికి ఎట్లా చేసినా పరవాలేదు. పదిమంది కాగితాలున్న యంత్రానికి ఆ దారి వద్దని మా అభిప్రాయం.

మన ఆఫీసు యంత్రం ఆరో తరానిది కాబట్టి ఆ తలుపు మూసుకుపోయినట్టే. అందుకని మేము లినక్స్ దారి పట్టాము. లినక్స్ ఒక కంపెనీ సొత్తు కాదు. ప్రపంచం నలుమూలల్లోనివాళ్ళు కలిసి చేసి, ఉచితంగా యిచ్చేది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి పిల్లలు దీనిమీదే నేర్చుకుంటున్నారు. మన దేశంలో సీ-డాక్ వారు 'బాస్' పేరుతో ఒకటి తయారుచేశారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో యీ పని ఎంతో కాలంగా చేస్తున్నారు. మేము ఎక్కించింది 'లినక్స్ మింట్' అనేది, 4 జీబీ ర్యాముతో చక్కగా నడుస్తుంది. దీనిలో సుఖం ఏమిటంటే, ముందు ఒక పెన్ డ్రైవులో పెట్టుకుని, లాప్‌టాపులో వున్నదేదీ కదపకుండా నాలుగు రోజులు వాడి చూడొచ్చు. వైఫై అందుతుందా, ప్రింటరు పలుకుతుందా చూసుకుని, నచ్చితేనే ఎక్కించుకోవటం. దానితోబాటు పాత హార్డ్ డిస్కు తీసి, ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయించాము. కొత్త లాప్‌టాపు ధరలో ఇది చిన్న భాగమే. ఇదివరకు కోశాధికారిగారు మీట నొక్కి టీ తాగి వచ్చినా తెరుచుకోని యంత్రం, ఇప్పుడు ఆయన కుర్చీ లాక్కునేలోపల సిద్ధంగా వుంటున్నది.

ఇక్కడ మా ఉర్దూవాళ్ళ కష్టం ఒకటి చెప్పాలి. ఉర్దూని నస్తాలిక్ రాతలో అచ్చువేయటం మొదటినుంచీ కష్టమైన పని. చెన్నైలో 'ది ముసల్మాన్' పత్రికను 1927 నుంచి ఎన్నో దశాబ్దాలు కాతిబులు చేత్తో రాసే అచ్చుకు పంపారు. 1994లో మన దేశంలోనే 'ఇన్‌పేజ్' అనే ప్రోగ్రాము తయారైన తర్వాత మా ప్రశ్నపత్రాలు, పెళ్ళి కార్డులు, సంఘం కరపత్రాలు అన్నీ అందులోకి మారినాయి. కాని పాత ఇన్‌పేజ్ ఫైలు ఇన్‌పేజ్ వుంటేనే తెరుచుకుంటుంది. అది యూనికోడు రాత కాదు. తెలుగువారికీ ఇదే చిక్కు: డీటీపీ సెంటర్లలో 'అను' ఫాంట్లతో కొట్టించిన పాత సావనీర్ల ఫైళ్ళు, ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల మూటలా కనిపిస్తాయి. కాబట్టి యంత్రం మార్చకముందే, పాత యంత్రం యింకా నడుస్తుండగానే, ప్రతి ముఖ్యమైన ఫైలునూ పీడీఎఫ్‌గా ఒకటి, యూనికోడులోకి మార్చి మరొకటి తీసి పెట్టుకోవాలి. మా బడి ప్రశ్నపత్రాలకు ఈ పని చేయటానికి రెండు వేసవి సెలవులు పట్టినాయి. మా ఆవిడ ఆ ఇన్‌పేజ్ పేరు వింటేనే లేచి వంటింట్లోకి పోతుంది.

సరే, ఎస్ఎస్‌డీ వేసిన తర్వాత ఊడదీసిన పాత హార్డ్ డిస్కు మా చేతికిచ్చారు. అరచేతిలో పట్టేంత వుంటుంది. మేము ఇవాళ చెప్పదలచుకున్న అసలు మాట దాని గురించే.

అందులో ఏమున్నాయో ఒక రాత్రి కూర్చుని చూశాము. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, వాటితోబాటు ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు, ఆదాయ సర్టిఫికెట్లు. 2020 లాక్‌డౌన్‌లో రేషను సరుకులు ఎవరెవరికి యిచ్చామో ఆ జాబితా. బేవా ఔరతులకు నెలనెలా యిచ్చే సాయం పట్టిక. పెళ్ళి సంబంధాల కోసం యిచ్చిన బయోడేటాలు, ఆడపిల్లల ఫొటోలు. ఒక ఆపరేషను ఖర్చుకోసం ఒకావిడ యిచ్చిన ఆసుపత్రి రిపోర్టులు. కుడిచేత్తో యిచ్చింది ఎడమచేతికి తెలియకుండా యివ్వాలని పెద్దలు చెప్పిన సాయం, పేరు, ఫొటో, ఫోను నెంబరుతో సహా ఒక డబ్బాలో వరుసగా పేర్చి వుంది. లాప్‌టాపు సంఘానిది. అందులోనివి సంఘానివి కావు, అమానతు.

కొద్ది నెలల క్రితం ఒక పెద్దమనిషి మా యింటికి వచ్చారు. వేరే వూళ్ళో ఆయన బంధువులు తమ లాప్‌టాపు ఒక రిపేరు షాపులో యిచ్చారట. బాగైందో లేదో చూడటానికి షాపు కుర్రాడు అందులో ఫొటోల ఫోల్డరు తెరిచి, వచ్చేపోయేవాళ్ళ మధ్య తెరమీద పెట్టుకు కూర్చున్నాడు. ఇంటి ఆడవాళ్ళ ఫొటోలు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి యీయనకు కుదురు లేదు. "మాస్టర్ సాబ్, మా అమ్మాయి కాగితాలు మీ ఆఫీసులో వున్నాయి. స్కాలర్‌షిప్పు రాకపోతే మానె, అవి తిరిగి యిచ్చేయండి" అన్నారు. ఆ అమ్మాయి ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. మేము ఆయనకు ఎంతో నచ్చజెప్పాము. ఆయన అడిగింది ఒకటే మాట: "తీసేశామని మీరంటారు, పోయిందని నాకెట్లా తెలుస్తుంది?"

న్యాయమైన ప్రశ్న. ఫైలును డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, అక్కణ్ణుంచీ తీసేస్తే పోయిందనుకుంటాము. పోయేది దాని పేరు మాత్రమే. పుస్తకంలో విషయసూచిక చింపేస్తే పాఠాలు ఎక్కడికీ పోవు కదా. ఆ జాగామీద వేరేది రాసేదాకా పాతది అట్లాగే వుంటుంది, వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. "ఫార్మాట్ కొట్టేశాం సార్" అని షాపులో చెప్పేది కూడా, ఆ తొందరగా అయ్యే ఫార్మాటు అయితే, ఇంచుమించు ఇదే. పాత హార్డ్ డిస్కులో నిజంగా చెరపాలంటే మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాయించాలి. 500 జీబీకి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మన డిస్కుకు ఆ పని ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే చేశాము, అమ్మాయి దరఖాస్తు పోర్టలులో అందిందని ఆయనకు చూపించిన తర్వాత. ఎస్ఎస్‌డీల్లో సున్నాలు రాయించటం నమ్మదగ్గది కాదు, వాటి లోపలి అమరిక వేరు. వాటిని వాడకం మొదలుపెట్టిన రోజునుంచే తాళంలో వుంచటం మేలు.

ఆ తాళం సంగతి. "మా లాప్‌టాపుకు పాస్‌వర్డు వుందండీ" అంటారు. ఆ పాస్‌వర్డు తోట గేటుకు వేసిన తాళం. కంచె లేదు. డిస్కు ఊడదీసి వేరే యంత్రానికి తగిలిస్తే ఎవరి పాస్‌వర్డూ అడగదు, ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. కంచె అంటే ఎన్‌క్రిప్షను. అంటే డిస్కులో రాసే ప్రతి అక్షరాన్నీ తాళపుచెవి లేనిదే చదవలేని రాతగా మార్చి రాయటం. లినక్స్ ఎక్కించేటప్పుడే డిస్కు మొత్తానికి ఇది పెట్టమని ఒక గడిలో టిక్కు పెడితే చాలు. మన ఆఫీసు యంత్రానికి అదే చేశాము. విండోస్‌లో దీన్ని బిట్‌లాకర్ అంటారు, ప్రో రకంలో పూర్తిగా వుంటుంది. హోమ్ రకం వున్నవాళ్ళు 'వెరాక్రిప్ట్' అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కులోనే ఒక తాళపు పెట్టె చేసుకోవచ్చు. ఒకటి రెండు ఫైళ్ళయితే 'సెవెన్-జిప్'లో పాస్‌వర్డు పెట్టి మూటగట్టినా సరిపోతుంది.

విండోస్ 11 కొత్తగా ఎక్కించుకునేవాళ్ళు యిక్కడ కొంచెం చెవి పెట్టి వినాలి. ఇటీవలి రకాల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే చాలా యంత్రాల్లో ఎన్‌క్రిప్షను దానంతటదే పడిపోతుంది. మంచిదే. కాని దానికి 48 అంకెల రికవరీ కీ ఒకటి వుంటుంది, అది ఆ ఖాతాలో దాగి వుంటుంది. ఎప్పుడో ఏదో మార్పు జరిగి యంత్రం ఆ 48 అంకెలు అడిగితే, అవి లేకపోతే, కంపెనీవాళ్ళు కూడా తెరవలేరు. మన యిళ్ళల్లో ఖాతా తెరిచేది ఎవరు? అబ్బాయి. ఎవరి నెంబరుతో? తన నెంబరుతో. ఆర్నెల్లకు అబ్బాయి కువైట్ పోతాడు, ఆ సిమ్ము ఆగిపోతుంది. అబ్బాజాన్ తోటల గుత్త లెక్కలు, రైతులకిచ్చిన అడ్వాన్సులు, ఇంటి దస్తావేజుల స్కానులు అన్నీ తాళంలో. దొంగనుంచి కాపాడుకున్నాం, మనకూ దక్కలేదు. ఖాతా ఎవరిది, నెంబరు ఎవరిది అని ఈ రాత్రే యింటికి పోయి అడగండి. ఆ 48 అంకెలు ఒక కాగితంమీద రాసి బీరువాలో పెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా ఎక్కడుందో చెప్పండి. చెప్పకుండా దాచే యజమానులు మనలో ఎక్కువ, అది ఏ రకమైన భద్రతో మాకు అర్థం కాదు.

మన సంఘానికి మొదట్లో ఒక ఇనప్పెట్టె వుండేదని, దానికి రెండు తాళపుచెవులని, ఒకటి అధ్యక్షులవద్ద ఒకటి కోశాధికారివద్ద వుండేవని పెద్దలు చెబుతారు. లాప్‌టాపుకూ అదే పద్ధతి పెట్టాము. తాళపు మాట రెండు కవర్లలో సీలు వేసి ఇద్దరికీ అప్పగించాము. కార్యవర్గం మారిన రోజున మాట మార్చి కొత్త కవర్లు యివ్వాలి.

తాళానికంటే ముందు, కాపీ. మేమెరిగిన ఒక మామిడి వ్యాపారిగారు నాలుగు సీజన్ల లెక్కలున్న లాప్‌టాపును "స్లో అయింది, బాగుచేయండి" అని ఒక షాపులో యిచ్చారు. ఫార్మాట్ చేసి శుభ్రంగా తిరిగి యిచ్చారు. ఎవరికి ఎంత బాకీయో, ఎవరు ఎంత బాకీయో ఆయన జ్ఞాపకం, ఎదుటివాళ్ళ నిజాయితీ, ఆ రెండే మిగిలినాయి. పైన చెప్పిన వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు ఆయనకు పనికిరాలేదు, ఆ జాగామీద కొత్త విండోస్ ఎక్కింది. (అక్కరలేనివాళ్ళకు దొరుకుతుంది, కావలసినవాళ్ళకు దొరకదు. దీని తీరే అంత.) ముఖ్యమైనది ఏదైనా మూడు చోట్ల వుండాలి: యంత్రంలో ఒకటి, విడిగా డిస్కులో ఒకటి, వేరే యింట్లో ఒకటి. ఆ విడి డిస్కుకు కూడా తాళం వుండాలి సుమా. షాపులో యివ్వక తప్పనప్పుడు హార్డ్ డిస్కు తీయించుకుని యంత్రం మాత్రం యివ్వండి. తెర, కీబోర్డు, బ్యాటరీ బాగుచేయటానికి డిస్కు అక్కర్లేదు.

అన్నిటికంటే తేలికైన భద్రత, లేని కాగితం. పోర్టలులో దరఖాస్తు పూర్తయి డబ్బు పడిన తర్వాత ఆ పిల్ల ఆధార్ కాపీ మనకెందుకు? 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఏ పనికోసం తీసుకున్నామో ఆ పని అయిపోతే సమాచారం చెరిపేయాలన్నది అందులో ఒక సూత్రం. చట్టం సంగతి అట్లా వుంచి, మనకు అది ముందే తెలియాల్సిన మర్యాద. ఇకనుంచి గుర్తింపుకు మాత్రమే అయితే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తెమ్మని అడుగుతున్నాము. అది ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ఎవరి కాగితాలైనా వాట్సాప్‌లో గ్రూపులో పెట్టకండి, కార్యదర్శిగారి సొంత నెంబరుకు కూడా వద్దు, ఆఫీసుకు తెచ్చి స్కాను చేయించండి. పొరపాటున ఎవరైనా మోసపోయి బ్యాంకునుంచి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోక, వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయండి.

మార్చిలో కాయ కోతలు మొదలైతే మనలో సగంమంది తోటల్లో, మిగతా సగం మార్కెట్లో వుంటారు, లాప్‌టాపు మొహం చూసేవాళ్ళుండరు. కనుక అంతకు ముందే, వచ్చే నెలలో మొదటి రెండు ఆదివారాలు జొహర్ నమాజు తర్వాత సంఘం ఆఫీసులో కూర్చుంటాము. మీ యంత్రాలు తీసుకురండి. ఏ తరానిదో చూసి, ఏ దారి నప్పుతుందో చెబుతాము. ఆడపిల్లలకు, తల్లులకు రెండో ఆదివారం విడిగా ఏర్పాటు చేశాము, మా బడిలో కంప్యూటరు నేర్పే టీచరమ్మగారు వస్తారు, ఎవరి ఫైళ్ళు వాళ్ళే తెరుచుకోవచ్చు. ఫైళ్ళు కాపీ చేసుకోవటానికి ఖాళీ పెన్ డ్రైవో, డిస్కో వెంట తెచ్చుకోవాలి. ఛార్జరు మరిచిపోకండి, ఆఫీసులో వున్నది ఒకటే, అది అందరికీ పట్టదు.